ముందు రొట్టె, తరువాత ప్రశ్న

(రేడియో ప్రసంగ పాఠము)

ఇంట్లో పని చేసుకుంటూ వింటున్నవారికి, ప్రయాణంలో వింటున్నవారికి, మంచం మీదనుండి లేవలేక వింటున్నవారికి కూడా ప్రభువు తన వాక్యం ద్వారా ఆదరణ ఇచ్చునుగాక. దగ్గరలో బైబిలు ఉన్నవారు రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయం తీసి పెట్టుకోండి. లేనివారు బాధపడవద్దు. జరిగిన సంగతి నేను చెబుతాను, మీరు శ్రద్ధగా వినండి.

మన ఇళ్ళలో, మన సంఘాలలో తరచుగా వినబడే ఒక మాటతో ఈ వర్తమానం ప్రారంభిస్తాను. ఇంటికి పెద్దదిక్కుగా ఉన్నవారో, సంఘంలో నలుగురికి ధైర్యం చెప్పేవారో ఎప్పుడైనా కంటతడి పెడితే మనం ఏమంటాం? "మీరే ఇలా అయిపోతే ఎలాగండీ? మిగిలినవాళ్ళ సంగతేమిటి?" అంటాం. చెడు ఉద్దేశంతో అనము, ధైర్యం చెప్పాలనే అంటాం. కాని ఆ మాట విన్న మనిషికి ఏమని అర్థమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? "అందరికీ ఏడ్చే వీలుంది, నీకు మాత్రం లేదు" అన్నట్టు వినబడుతుంది. ఆయన కళ్ళు తుడుచుకుంటాడు, కుర్చీలు సర్దుతాడు, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తాడు. మనం ఇంటికి వెళ్ళి, "ఎంత గట్టి మనిషో చూశావా" అని చెప్పుకుంటాం.

బలహీనులను చూసినప్పుడు మెత్తగా మాట్లాడాలని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు చేతులు వాటంతట అవే జాగ్రత్తపడతాయి. మనం తప్పిపోయేది బలవంతుల విషయంలోనే. వారికి మృదుత్వం అవసరం లేదనుకుంటాం. ఈ విషయంలో దేవుడు ఎలా నడుచుకున్నాడో ఈ రోజు ధ్యానం చేద్దాం.

కర్మెలు నుండి ఎడారికి

ఏలీయా ప్రవక్తను తలచుకుంటే మనకు ఏమి గుర్తుకొస్తుంది? కర్మెలు పర్వతం గుర్తుకొస్తుంది. బయలు ప్రవక్తలు 450 మంది ఒకవైపు, ఏలీయా ఒక్కడే మరొకవైపు. పన్నెండు రాళ్ళతో బలిపీఠం కట్టాడు. దాని మీద నాలుగు తొట్ల నీళ్ళు మూడుసార్లు పోయించాడు. ప్రార్థన చేస్తే ఆకాశం నుండి అగ్ని దిగివచ్చింది. అదే రోజు, మూడేళ్ళుగా లేని వాన కురిసింది. రాజైన అహాబు రథమెక్కి వస్తుంటే, ఏలీయా నడుము బిగించుకొని ఆ రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. ఆ రోజు ఇశ్రాయేలు దేశంలో అంతకంటే బలమైన మనిషి ఇంకొకడు లేడు.

తరువాతి అధ్యాయం మొదలుపెట్టి నాలుగు వచనాలు చదివేసరికి అదే మనిషి ఎడారిలో ఒక చెట్టు క్రింద కూలబడి ఉన్నాడు. యెజెబెలు రాణి ఒక కబురు పంపింది. రేపు ఈపాటికి నిన్ను చంపిస్తానన్నది దాని సారాంశం. 450 మందికి భయపడనివాడు ఆ ఒక్క కబురుకు భయపడ్డాడు. యెజ్రెయేలు నుండి బెయేర్షెబా వరకు వెళ్ళాడు. అది సుమారు 150 కిలోమీటర్ల దూరం. తన పనివాడిని అక్కడ దిగబెట్టి, ఒంటరిగా ఇంకొక దినప్రయాణం ఎడారిలోనికి నడిచాడు. మన తెలుగు బైబిలులో బదరీవృక్షమని ఉన్న చెట్టును హెబ్రీ భాషలో రోతెం అంటారు. అది ఎడారిలో పెరిగే ఒక పొద. ఆకు తక్కువ, నీడ పలుచన. ఆ పలుచని నీడలో కూర్చుని, తాను బ్రతికింది చాలు, తన ప్రాణం తీసుకోమని దేవుని అడిగాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఏలీయా పడిపోయింది ఓటమి తరువాత కాదు, విజయం తరువాత. ఉపవాసం, పోరాటం, ప్రార్థన, పరుగు, భయం, ఇన్ని రాత్రుల ప్రయాణం, అన్నీ కలిసి ఆ మనిషిని పిండేశాయి. మనం చప్పట్లు కొడుతున్న సమయానికి లోపల ఆయన ఖాళీ అయిపోయి ఉన్నాడు. రెండు, ఆయన పనివాడిని దూరంగా పెట్టాడు. బలవంతులు అలసిపోయినప్పుడు చేసే పని ఇదే. ఎవరికీ కనబడకుండా ప్రక్కకు వెళ్ళిపోతారు. ఎందుకంటే "మీరే ఇలా అయితే ఎలా" అన్న మాట వినడానికి వారికి ఓపిక ఉండదు.

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయం 17వ వచనంలో ఏలీయా గురించి వ్రాస్తూ, ఆయన కూడా మనలాంటి స్వభావం కలవాడేనని జ్ఞాపకం చేస్తున్నాడు. అగ్ని దింపినవాడికీ ఆకలి వేస్తుంది. వాన కురిపించినవాడికీ కన్నీరు వస్తుంది.

దేవుడు ఏమి చేశాడు?

ప్రియులారా, ఆ స్థలంలో మనం ఉంటే ఏలీయాతో ఏమని ఉండేవారం? "నిన్న కాక మొన్న అంత గొప్ప అద్భుతం చూసి ఇవాళ ఇలా మాట్లాడతావా? నీ విశ్వాసం ఏమైంది?" అని ఉండేవారం. దేవుడు ఆ మాట అనలేదు. ఆయన చేసిన పనులను వరుసగా చూద్దాం.

మొదటిది, ఆయన ఏలీయాను నిద్రపోనిచ్చాడు. చావు కోరుకున్న మనిషికి దేవుడు ముందుగా ఇచ్చిన జవాబు నిద్ర. నిద్రలేని మనిషికి లోకం అంతా చీకటిగానే కనబడుతుందని మనలను సృష్టించిన దేవునికి తెలుసు.

రెండవది, దూత వచ్చి ఆయనను తట్టి లేపాడు. దూరం నుండి కేక వేయలేదు. చెయ్యి వేశాడు.

మూడవది, తలాపున నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక పాత్రలో నీళ్ళు ఉన్నాయి. దూత లేచి భోజనం చేయమన్నాడే గాని వాక్యోపదేశం చేయలేదు. అగ్నితో జవాబిచ్చిన దేవుడు ఈసారి కూడా అగ్నిని వాడాడు. కాని బలిపీఠం మీద కాదు, రొట్టె కాల్చడానికి.

నాలుగవది, దూత రెండవసారి వచ్చాడు. ఏలీయా తిని, త్రాగి, మళ్ళీ పడుకున్నాడు. "పెట్టింది తిని మళ్ళీ పడుకున్నావా" అని దూత విసుక్కోలేదు. మళ్ళీ తట్టాడు, మళ్ళీ తినమన్నాడు. పైగా, నీ ప్రయాణం నీ శక్తికి మించింది అన్నట్టుగా మాట్లాడాడు. దానిలో ఎంత ఆదరణ ఉందో చూడండి. "నువ్వు గట్టివాడివి, నడవగలవు" అని పొగడలేదు. నీ దారి నిజంగానే పెద్దది అని ఒప్పుకున్నాడు. బలవంతుడికి చాలాసార్లు కావలసింది పొగడ్త కాదు, నీ బరువు బరువే అని ఒప్పుకునే ఒక్క మనిషి.

ఇదంతా అయిన తరువాత, నలువది రాత్రింబగళ్ళు నడిచి హోరేబు పర్వతానికి చేరిన తరువాత, అప్పుడు దేవుడు ప్రశ్న వేశాడు. ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. ఏలీయా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. బలమైన గాలి, భూకంపం, అగ్ని ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. వాటిలో దేవుడు లేడు. తరువాత ఒక మెల్లని స్వరం వినబడింది. అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది, ఏలీయా అదే జవాబు మళ్ళీ చెప్పాడు. నలిగిన మనిషి చెప్పిందే చెబుతాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు.

కాబట్టి క్రమాన్ని మరచిపోకండి. ముందు రొట్టె, తరువాత ప్రశ్న. మనం తలక్రిందులు చేస్తాం. ముందు ప్రశ్నలు వేస్తాం. రొట్టె సంగతి చాలాసార్లు మరచిపోతాం.

ఒక దైవజనుని గాయం

ఇది పాత నిబంధన కాలానికే సంబంధించిన సంగతి కాదు. ఇంగ్లండు దేశంలో చార్లెస్ స్పర్జన్ అనే దైవజనుడు ఉండేవారు. మన తెలుగు సేవకులలో చాలామంది ఆయన ప్రసంగాలు నేటికీ చదువుతున్నారు. 19 ఏళ్ళ వయస్సులో, 1854లో, లండన్ నగరంలోని ఒక సంఘానికి కాపరి అయ్యారు. వినడానికి వచ్చే జనం మందిరంలో పట్టేవారు కాదు. అందుకని 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ అనే చోట ఉన్న ఒక పెద్ద సంగీత మందిరంలో కూడిక పెట్టారు. వేలాదిమంది లోపల నిండిపోయారు, ఇంకా వేలాదిమంది బయట నిలబడ్డారు. ఆరాధన మధ్యలో ఎవరో "నిప్పు, నిప్పు" అని కేక వేశారు. నిజానికి నిప్పు లేదు. కాని జనం భయపడి మెట్ల మీద, తలుపుల దగ్గర త్రొక్కుకున్నారు. ఏడుగురు చనిపోయారు, అనేకులు గాయపడ్డారు.

అప్పటికి స్పర్జన్‌కు 22 ఏళ్ళు. ఆ ఏడాదే పెళ్ళయింది, కవల పిల్లలు పుట్టి నెల రోజులు. ఆ రాత్రి ఆయన కుప్పకూలిపోయారు. బైబిలు చూస్తేనే కన్నీళ్ళు వచ్చేంతగా నలిగిపోయారు. బయట పత్రికలు ఆయననే నిందిస్తూ వ్రాశాయి. స్నేహితులు ఆయనను ఊరి సందడికి దూరంగా ఉన్న ఒక ఇంటికి తీసుకువెళ్ళి ప్రశాంతంగా ఉండనిచ్చారు. ఒక రోజు ఆ ఇంటి తోటలో నడుస్తుండగా, దేవుడు క్రీస్తును అధికముగా హెచ్చించాడని ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలో ఉన్న మాట ఆయన మనస్సుకు తట్టింది. నాకేమైనా సరే, నా ప్రభువు హెచ్చింపబడ్డాడు గదా అన్న ఆలోచన ఆయనకు ఊపిరి పోసింది. నవంబరు 2న మళ్ళీ ప్రసంగ వేదిక ఎక్కి ఆ వచనాల మీదనే వాక్యం చెప్పారు.

ఆ తరువాత 1861లో వేలమంది పట్టే మెట్రోపాలిటన్ టాబర్నకిల్ మందిరం కట్టబడింది. లోకం ఆయన బలాన్నే చూసింది. కాని మనోవేదన జీవితాంతం ఆయనను మళ్ళీ మళ్ళీ పట్టుకుంటూనే ఉంది. దాన్ని ఆయన దాచలేదు. తన దగ్గర సేవకు సిద్ధపడుతున్న విద్యార్థులకు ఒక ఉపన్యాసంలో స్పష్టంగా చెప్పారు. గొప్ప విజయం వచ్చిన వెంటనే, విరామం లేని పని మధ్యలో, ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలినప్పుడు, దేవుని సేవకుడు కూడా క్రుంగిపోవచ్చునని, ఏలీయానే అందుకు సాక్షి అని వివరించారు. 1868లో ఆయన తమ్ముడు జేమ్స్ ఆ సంఘానికి సహకాపరి అయ్యారు. ఏలీయాకు ఎలీషా దొరికినట్టు, ఆయన భారం పంచుకోవడానికి ఒక మనిషి దొరికాడు. స్పర్జన్ 1892లో ప్రభువునందు నిద్రించేవరకు సేవ కొనసాగింది.

చూశారా? మృదువుగా చూడబడినవాడు పనికిరాకుండా పోలేదు. ఆ కొద్ది దినాల ప్రశాంతత ఆ తరువాతి అనేక సంవత్సరాల సేవకు దారి అయ్యింది.

బొగ్గుల నిప్పు ప్రక్కన

ఇప్పుడు యోహాను సువార్త 21వ అధ్యాయానికి రండి. పేతురు శిష్యులందరిలో గట్టివాడిగా పేరుపొందినవాడు. అందరూ విడిచినా నేను విడువనన్నవాడు. ఆయనే చలి కాచుకుంటూ, బొగ్గుల నిప్పు దగ్గర నిలబడి, ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్రతీరంలో ఆయనను కలుసుకున్నప్పుడు ఏమి చేశాడు? ఒడ్డున మళ్ళీ బొగ్గుల నిప్పు వేసి ఉంది. దాని మీద చేపలు, ప్రక్కన రొట్టె. రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చిన శిష్యులను ప్రభువు మొదట భోజనానికి పిలిచాడు. వారు తిన్న తరువాతనే పేతురును ప్రశ్న అడిగాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు.

హోరేబు దారిలో జరిగిందే గలిలయ ఒడ్డున జరిగింది. అక్కడా నిప్పుల మీద రొట్టె, ఇక్కడా నిప్పుల ప్రక్కన రొట్టె. అక్కడా తరువాత ప్రశ్న, ఇక్కడా తరువాత ప్రశ్న. తండ్రి స్వభావమే కుమారునిలో మనకు కనబడుతున్నది.

యెషయా 42వ అధ్యాయం 3వ వచనంలో ఆయన గురించి ముందుగానే ప్రవచించబడింది. నలిగిన రెల్లును ఆయన విరిచివేయడు, పొగ వస్తున్న వత్తిని ఆర్పివేయడు. ఆ కాలంలో మట్టి ప్రమిదలో నూనె పోసి నారవత్తి వేసి దీపం పెట్టేవారు. మన అమ్మమ్మల ఇళ్ళలో ప్రమిదలు చూసినవారికి తెలుసు, వత్తి పొగ ఎప్పుడు పెడుతుంది? నూనె తగ్గినప్పుడు. పొగ కళ్ళకు మంట పుట్టిస్తుంది, వెంటనే ఆర్పేయాలనిపిస్తుంది. కాని దానికి కావలసింది ఆర్పడం కాదు, కొంచెం నూనె.

బలవంతుల బలహీనత ఎప్పుడూ కన్నీళ్ళ రూపంలో బయటికి రాదు. చాలాసార్లు పొగ రూపంలోనే వస్తుంది. ఎన్నడూ కసరని అమ్మ చిన్నదానికి కసురుతుంది. నవ్వుతూ పలుకరించే సంఘపెద్ద ముక్తసరిగా మాట్లాడి వెళ్ళిపోతాడు. పట్టణంలో ఉద్యోగం చేస్తూ ఇంటి అప్పులన్నీ మోసే పెద్దకొడుకు ఫోను ఎత్తడు. "వీడికి పొగరెక్కింది" అని మనం అనుకుంటాం. పొగరు కాకపోవచ్చు, పొగ కావచ్చు. నూనె తగ్గిందేమో చూడండి.

మృదుత్వం అంటే తప్పును కప్పిపుచ్చడమా?

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. "అయ్యగారూ, అందరితో మెత్తగా ఉంటే తప్పును తప్పని ఎవరు చెబుతారు?" అని. మంచి ప్రశ్నే. దేవుడు ఏలీయాను ఆ గుహలోనే ఉంచలేదు గదా. తాను ఒక్కడే మిగిలానన్న ఆయన మాటను సరిదిద్దాడు. బయలుకు మోకాళ్ళూనని ఏడువేలమంది ఉన్నారని తెలియజేశాడు. మళ్ళీ పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు. ప్రభువు కూడా పేతురు మనస్సులోని గాయాన్ని తాకకుండా వదిలిపెట్టలేదు. మూడవసారి అడిగినప్పుడు పేతురు నొచ్చుకున్నాడని వ్రాయబడింది.

కాబట్టి మృదుత్వం సత్యానికి విరోధి కాదు. సత్యం వినడానికి మనిషికి కొంత బలం కావాలి. ఆ బలం ఇచ్చిన తరువాత సత్యం చెప్పడమే మృదుత్వం. తప్పిదంలో చిక్కుకున్నవానిని కూడా సాత్వికమైన మనస్సుతోనే మంచి దారికి తేవాలని గలతీ పత్రిక 6వ అధ్యాయం 1వ వచనంలో పౌలు బోధిస్తున్నాడు. నీవు కూడా శోధింపబడతావేమో చూసుకో అనే హెచ్చరికను కూడా అక్కడే జతచేశాడు. ఈ రోజు నిలబడి ఉన్నవాడు రేపు ఆ చెట్టు క్రిందనే కూర్చోవచ్చు.

నేను నేర్చుకున్న పాఠం

ఈ మాటలు చెప్పడానికి నాకు యోగ్యత ఉండి చెప్పడం లేదు. నేను ఇందులో తప్పిపోయినవాడనే. చాలా సంవత్సరాల క్రితం నేను కాపరిగా ఉన్న ఒక సంఘంలో కానుకల లెక్కలు చూసే ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన భార్య ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన రోజున షామియానా వేయించడం దగ్గరనుండి, దూరంనుండి వచ్చినవారికి భోజనం పెట్టించడం వరకు అన్నీ ఆయనే చూసుకున్నారు. తరువాతి ఆదివారం నేను ప్రసంగంలో ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నాను. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. నేను దానిని తగ్గింపు అనుకున్నాను.

ఆ తరువాత రెండు నెలలు వరుసగా లెక్కల పుస్తకం ఆలస్యమయింది. కమిటీలో నలుగురి ముందు, "మీలాంటివారే ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, వందనం చెప్పి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి పుస్తకం తెరిచాను. లెక్కలు రూపాయి తేడా లేకుండా ఉన్నాయి. కాని వెనుక పేజీలు తిరగేస్తుంటే ఒకటి కనబడింది. అంతకుముందు పేజీలన్నీ ఒక గుండ్రని చక్కని చేతివ్రాత. ఒక తేదీ దగ్గర అది ఆగిపోయింది. ఆ తరువాత వంకరటింకర అంకెలు, కొట్టివేతలు. ఆ గుండ్రని వ్రాత ఆయన భార్యది. ఇన్నేళ్ళుగా ఆయన చెబుతుంటే ఆమె వ్రాసేది. సంఘంలో మాకెవరికీ తెలియదు. ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఆ పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆయన ఆ తేదీని దాటి రావాలి.

మరునాడు సాయంకాలం నేనూ మా ఇంట్లో అమ్మగారూ క్యారియర్‌లో అన్నం, పప్పుచారు తీసుకుని వెళ్ళాం. ఏమీ బోధించలేదు, కలిసి తిన్నాం. నా మాటను క్షమించమని అడిగాను. ఆయన ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. వారం తిరిగాక మళ్ళీ వెళ్ళాం. అప్పుడు మెల్లగా అన్నారు: "అయ్యగారూ, అందరూ నన్ను ధైర్యంగా ఉన్నావన్నారు. అందుకని ఎవరి దగ్గరా ఏడవలేకపోయాను." ఆ రోజు ఆయన చాలాసేపు ఏడ్చారు. మేము ప్రక్కనే కూర్చున్నాం. ఆ నెల నుండి ఒక యువకుడు ఆయనకు తోడుగా కూర్చుని లెక్కలు వ్రాయడం మొదలుపెట్టాడు.

దూత రెండవసారి ఎందుకు వచ్చాడో నాకు ఆ ఇంట్లో అర్థమయింది. భూస్థాపనకు అందరం వెళ్తాం. జ్ఞాపకార్థ కూడికకూ వెళ్తాం. ఆ తరువాత వచ్చే మామూలు మంగళవారం సాయంకాలం ఎవరు వెళ్తారు?

మనం చేయదగినవి

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ వారం మీరు చేయగలిగిన కొన్ని చిన్న పనులు చెబుతాను.

మీ జీవితంలో "ఆయనకేం, గట్టివాడు", "ఆమెకేం, అన్నీ చక్కబెట్టుకుంటుంది" అని మీరు అనుకునే ఒక్కరిని జ్ఞాపకం చేసుకోండి. మీ కాపరి కావచ్చు, కాపరి భార్య కావచ్చు, మీ తల్లి, మీ అత్తగారు, మీ పెద్దన్నయ్య కావచ్చు. వారిని పని అడగడానికి కాకుండా, "భోజనం చేశారా, నిద్ర పడుతోందా" అని అడగడానికి కలవండి. కాపరి దగ్గరకు ప్రార్థన మనవులు తీసుకువెళ్ళేవారు వందమంది ఉంటారు. కాపరి కోసం మోకరించి, ఆ మాట ఆయనకు చెప్పేవారు ఎంతమంది?

వారు చెప్పిందే చెబితే విసుక్కోకండి. వారు మీతో పంచుకున్న బాధను ప్రార్థన మనవి పేరుతో నలుగురిలో చెప్పకండి. బలవంతుడు ఒక్కసారి నోరు తెరిచి నలుగురి నోళ్ళలో పడితే మళ్ళీ జీవితంలో నోరు తెరవడు.

ఎవరైనా ఏలీయాలాగా, ఇక బ్రతకాలని లేదని మీతో అంటే, ఆ మాటను తేలికగా తీసుకోకండి, విశ్వాసం లేదని గద్దించకండి. వారిని ఒంటరిగా వదలకండి. ప్రార్థన చేయండి, వైద్యుని దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏలీయాకు రొట్టె, నిద్ర ఇచ్చిన దేవుడే వైద్యమును కూడా ఇచ్చాడు. మందు తీసుకోవడం అవిశ్వాసం కాదు. మన దేశంలో 2022లో ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

చివరిగా, ఈ ప్రసంగం వింటున్న బలవంతులతో ఒక మాట. ఇంటి భారమంతా మోస్తూ, అందరికీ ధైర్యం చెబుతూ, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తున్న అమ్మా, అయ్యా, దేవుడు మిమ్మల్ని చూస్తున్నాడు. మీరు గట్టిగా ఉన్నందుకే ఆయన మిమ్మల్ని ప్రేమించడం లేదు. బెయేర్షెబాలో ఏలీయా వదిలివచ్చినట్టు మీరు తోడును వదలకండి. నమ్మకమైన ఒక్కరికి నిజం చెప్పండి. గెత్సేమనే తోటలో మన ప్రభువే తన వేదనను ముగ్గురు శిష్యులకు చెప్పి, తనతో కూడా మెలకువగా ఉండమని అడిగాడు. లోకరక్షకుడు తోడు అడిగితే, మనం అడగడం సిగ్గు కాదు.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన మా తండ్రీ, పలుచని నీడలో కూలబడిన నీ సేవకుని నీవు గద్దించక భోజనం పెట్టినందుకు నీకు స్తోత్రములు. మాకు కూడా నీవు అలాగే ఎన్నోసార్లు చేశావు. మేము మాత్రం ఇతరులను త్వరపడి ప్రశ్నించాము, మమ్మును క్షమించుము. ఈ వారం మా మాట ఎవరికి బరువయిందో మాకు జ్ఞాపకం చేసి, వారి ఇంటికి మమ్మును నడిపించుము. ఎవరికీ చెప్పుకోలేక వింటున్న నీ బిడ్డలకు ఈ రాత్రి నిద్రను, రేపు ఒక తోడును దయచేయుము. నలిగిన రెల్లును విరువని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

మరల వచ్చే వారం ఇదే సమయానికి కలుసుకుందాం. అంతవరకు దేవుని సమాధానము మీ గృహములలో నిలిచియుండును గాక.